కల్లా లిల్లీ సర్వీసు రిజిస్టరు

ఏప్రిల్ పన్నెండో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు ఎస్తేరమ్మ పెరట్లోని కల్లా లిల్లీకి మునిసిపాలిటీ నుంచి మెమో వచ్చింది.

తెచ్చినవాడు హరిత విభాగం ఇన్‌స్పెక్టరు మునిరత్నం. మెమోను మొక్క మొదట్లో పెట్టి, గాలికి ఎగరకుండా పైన ఒక రాయి ఉంచి, ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. మొక్కకు చదువు రాదు కాబట్టి ఇంకో నకలు ఎస్తేరమ్మ చేతికి ఇచ్చాడు.

"క్రమ సంఖ్య 417 గల కల్లా లిల్లీ అను మొక్క గత పది దినములుగా ఆకులు వాల్చి, పసుపు వర్ణమునకు తిరిగి, విధులకు గైర్హాజరైనట్లు తనిఖీలో గమనించడమైనది. మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించని యెడల తగు చర్య తీసుకొనబడును."

ఎస్తేరమ్మ మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. వీధి వీధంతా ఆమెను సిస్టరమ్మా అనే పిలుస్తుంది. జ్వరం చార్టు చదివినట్టు మెమోను పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. కల్లా లిల్లీ చేమ జాతి మొక్క అనీ, చలికాలమంతా పూసి, ఎండలు ముదిరేసరికి ఆకులు రాల్చి, దుంప మాత్రం భూమిలో పడుకుంటుందనీ, వానలు పడ్డాక మళ్ళీ లేస్తుందనీ మునిరత్నానికి ఓపిగ్గా చెప్పింది. అతను ఫోన్లో వెతికాడు. విధుల్లో ఉంది, సెలవులో ఉంది, మరణించింది. మూడే గడులున్నాయి. పడుకుంది అన్న గడి లేదు.

దీని వెనక కథ చిన్నదే. రెండేళ్ళ క్రితం చలిమలపల్లె మునిసిపాలిటీ నలభై వేల మొక్కలు నాటింది. చూడటానికి రాజధాని నుంచి వచ్చిన బృందానికి పదకొండు కనిపించాయి. వాటిలో రెండు బస్టాండు హోటలు వాడి ప్లాస్టిక్ మొక్కలు. ఈ సంఘటన నుంచి కమిషనర్ పరాంకుశం ఒక గుణపాఠం నేర్చుకున్నాడు. మొక్కలు పెట్టినచోట ఉండటం లేదు. అందుకని ‘స్థిర హరితం’ అనే పథకం తెచ్చాడు. ఊళ్ళో ప్రతి ఇంటి మొక్కకూ నంబరు, రేకు బిళ్ళ. లెక్క పెట్టినచోటి నుంచి ఏ మొక్కా కదలకూడదు. కదిలితే ఆ ఇంటి కుళాయి కనెక్షన్ కోసేస్తారు.

మొక్కల వివరాలు ఎక్కించడానికి కంప్యూటర్‌లో కొత్త రిజిస్టరు కావలసి వచ్చింది. కాంట్రాక్టరు దగ్గర మునిసిపల్ ఉద్యోగుల సర్వీసు రిజిస్టరు సిద్ధంగా ఉంది. అందులో ‘ఉద్యోగి’ అన్న మాట కొట్టేసి ‘మొక్క’ అని పెట్టి ఇచ్చాడు. మిగతాదంతా అలాగే ఉంది. జనవరిలో మునిరత్నం వచ్చి కల్లా లిల్లీ తండ్రి పేరు అడిగినప్పుడు ఎస్తేరమ్మ తెలియదంది. అతను తెలియదు అనే రాసుకున్నాడు. విద్యార్హత దగ్గర కాసేపు ఆలోచించి, పువ్వు వైపు చూసి, తెలుపు అని రాశాడు.

ఇదంతా నవ్వుకుని వదిలేయవచ్చు. వదిలేయడానికి వీల్లేకుండా చేసినది మురుగు కాలువ. జూన్ పదో తేదీన ఎస్తేరమ్మ ఇంటి తూర్పు వైపు, సరిగ్గా లిల్లీ మడి మీదుగా, మునిసిపాలిటీ కాలువ తవ్వుతుంది. కాలువకు ఆమె ఎప్పుడో ఒప్పుకుంది. ఈలోగా దుంపను తీసి, ఉత్తరం వైపు నీళ్ళ తొట్టి పక్కన నీడలో పెట్టుకుంటే చాలు. అరగంట పని.

ఆ దుంప మిషన్ ఆసుపత్రి తోటలోది. రిటైరైన రోజున ముసలి డాక్టరమ్మ స్వయంగా తవ్వి, తడి గుడ్డలో చుట్టి చేతిలో పెట్టింది. తర్వాతి ఏడాది డాక్టరమ్మ పోయింది. ఆ పై ఏడాది తోట పోయి స్కూటర్లు నిలిపే షెడ్డు వచ్చింది. ఈస్టర్‌కు చర్చి బల్ల మీద పెట్టే తెల్ల పూలు ఇప్పుడు ఊరు మొత్తానికి ఈ ఒక్క మడిలోనే పూస్తాయి. ఇది పోతే ఇంకోటి లేదు.

"గమ్మున తవ్వి పెట్టుకో అక్కా, ఎవురు చూస్తారు," అంది పక్కింటి షంషాద్. అంటూనే ఎస్తేరమ్మ కుళాయి కింద బిందె పెట్టింది. షంషాద్ మార్చిలో ఒక మల్లె కుండీని ఎండలోంచి మూడడుగులు నీడలోకి జరిపింది. మర్నాటికి కుళాయి కోసేశారు. అప్పటినుంచి నీళ్ళు ఇక్కడే పట్టుకుంటోంది. ఎస్తేరమ్మ కుళాయి కూడా పోతే రెండిళ్ళ వాళ్ళూ పై వీధికి నడవాలి.

మరుసటి రోజు ఎస్తేరమ్మ సంజాయిషీ రాసుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళింది.

మొక్కల ఫైళ్ళన్నీ సూపరింటెండెంటు కోదండపాణి దగ్గరికే వస్తాయి. రిజిస్టరు ఉద్యోగులది కాబట్టి, ఉద్యోగుల సెక్షను ఆయనది కాబట్టి, ఊళ్ళోని తులసి, మందార, కరివేపాకు అన్నీ ఆయన సిబ్బందే. ఆయన సంజాయిషీ చదివి పెన్ను పక్కన పెట్టాడు.

"నిద్ర అని రాయకండమ్మా. గైర్హాజరంటే మెమోతో పోతుంది. విధుల్లో నిద్ర అంటే సస్పెన్షన్."

మంచివాడే. తానే కాగితం తీసి, ఆరేళ్ళ సర్వీసుకు జమైన ఆర్జిత సెలవులో తొంభై రోజులు మంజూరు చేయమని దరఖాస్తు రాసిపెట్టాడు. మొక్క తరఫున సంరక్షకురాలిగా ఎస్తేరమ్మ సంతకం పెట్టింది. పది నిమిషాల్లో కల్లా లిల్లీ సెలవు మీద వెళ్ళిపోయింది. ఆ ధైర్యంతో ఆమె రెండో కాగితం ఇచ్చింది. తూర్పు నుంచి ఉత్తరానికి, ఇరవై అడుగులు.

కోదండపాణి కళ్ళద్దాలు తీసేశాడు. "ఇది బదిలీ."

"ఒకే పెరడు సార్."

"పనిచేస్తున్న స్థలం మారుతోంది కదమ్మా. సాధారణ బదిలీలపై నిషేధం అమల్లో ఉంది."

ఎప్పుడు ఎత్తేస్తారని ఆమె అడిగింది. ఆయన భార్య ఒంగోలులో టీచరు. ఆ ప్రశ్న ఆయన తన కోసం నాలుగేళ్ళుగా పైవాళ్ళను అడుగుతున్నాడు.

ఏదో ఒక దారి చూడమంటే పరస్పర బదిలీ ఒకటి ఉందన్నాడు. తొట్టి పక్కన ఉన్న కరివేపాకు, నంబరు 418, తూర్పుకు రావడానికి ఒప్పుకుంటే పరిశీలిస్తామన్నాడు. తూర్పున కాలువ కదా, కరివేపాకు మాత్రం ఏమవుతుందని ఆమె అడిగితే, అది 418 సొంత నిర్ణయమన్నాడు. అయినా ఎస్తేరమ్మ దరఖాస్తు పెట్టింది. మూడు వారాల తర్వాత తిరిగొచ్చింది. లిల్లీ పూల విభాగం, కరివేపాకు వంట విభాగం. వేర్వేరు కేడర్ల మధ్య పరస్పర బదిలీకి నిబంధనలు అనుమతించవు.

షంషాద్ ఆ కాగితం చదివించుకుని విని, తన భర్త పద్దెనిమిదేళ్ళు బస్సు నడిపినా ఇంత పెద్ద సర్వీసు చేయలేదంది.

మే నెల సగమైంది. మడిలో ఆకన్నది లేదు. ఎస్తేరమ్మ నీళ్ళు పోయడం మానేసి నెల దాటింది. పడుకున్న దుంపకు తడి తగిలితే కుళ్ళిపోతుంది. రోజూ సాయంత్రం పడమట మబ్బు వేస్తోంది. ఆమె ఇంజనీరింగ్ సెక్షనుకు వెళ్ళి, కాలువ ఒక నెల వాయిదా వేయమని అడిగింది. అక్కడి ఇంజనీరు రిజిస్టరు తిప్పి చూపించాడు. ఆ కాలువ మార్చి ముప్పై ఒకటికే నూటికి నూరు శాతం పూర్తయినట్టు నమోదైంది. పూర్తయిన పనిని వాయిదా వేసే అధికారం తనకు లేదన్నాడు. తవ్వడం మాత్రమే మిగిలిందన్నాడు.

జూన్ ఐదో తేదీన ఎస్తేరమ్మ మళ్ళీ కోదండపాణి ముందు కూర్చుంది. ఆయన టీ తెప్పించాడు.

"సార్, బదిలీ కాకుండా ఒక మొక్క ఉన్న జాగా వదిలిపెట్టాలంటే ఎన్ని దోవలుండాయి?"

ఆయనకు ఇష్టమైన విషయం. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదవీ విరమణ, కానీ లిల్లీ ఇంకా యాభై ఆరేళ్ళు చేయాలి. రాజీనామా, కానీ స్వదస్తూరితో ఉండాలి. మూడో వేలు దగ్గర ఆగాడు.

"మరణం," అన్నాడు. "అప్పుడు నిషేధం వర్తించదు. పైగా భౌతికకాయాన్ని మూడు రోజుల్లో అక్కడి నుంచి తీసేయాల్సిందే."

ఆ మాట చెప్పి, తానే ఉలిక్కిపడి, డ్రాయరు లాగి ఫారం బయటకు తీశాడు. మొదటి పేజీలోనే ఉంది, బంధువుల వాంగ్మూలం. పైన పేర్కొన్న మొక్క మరణించినదని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను. కింద సంతకం.

ఎస్తేరమ్మ పెన్ను తీసుకోలేదు.

"ముప్పై నాలుగేళ్ళు డ్యూటీ చేసినా సార్. బతికున్న మనిషిని పోయినారని ఒక్కసారి గూడా రాయలా. అది బతికే ఉంది. తవ్వి చూసుకోండి కావాలంటే."

కోదండపాణి ఆమెను జాలిగా చూశాడు. ఇలాంటి ఇళ్ళకు ఆయన చాలాసార్లు పరామర్శకు వెళ్ళాడు. ఫారంలో స్వయంగా రాశాడు: ‘బంధువులు మరణాన్ని అంగీకరించే మానసిక స్థితిలో లేరు. తవ్వి చూడవలసినదిగా కోరుచున్నారు. కావున పోస్టుమార్టంకు సిఫార్సు చేయడమైనది.’

కమిషనర్ పరాంకుశం ఆ సాయంత్రమే సంతకం పెట్టాడు. పథకంలో ఇది మొదటి పోస్టుమార్టం. పారదర్శకంగా జరగాలని, వీడియో తీయాలని పక్కన ఎర్ర సిరాతో రాశాడు.

జూన్ తొమ్మిది. ఉదయం పదకొండు. గేటు బయట కాలువ తవ్వే యంత్రం వచ్చి నిలబడింది. ఒక రోజు ముందే వచ్చింది, ఎందుకంటే మర్నాడు దానికి వేరే పూర్తయిన కాలువ ఉంది. డ్రైవరు బీడీ వెలిగించి, ఎంతసేపు పడుతుందని అడిగాడు. శవపంచనామా అవ్వాలని మునిరత్నం చెప్పాడు. డ్రైవరు బీడీ పారేసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

మునిసిపాలిటీలో మొక్కల డాక్టరు పోస్టు పదేళ్ళుగా ఖాళీ. ఆ బాధ్యతలు అదనంగా పశువైద్యుడు భక్తవత్సలం చూస్తున్నాడు. ఆయన చేతికి తొడుగుల్లేకుండా వచ్చాడు. పంచాయతీదారులుగా, అంటే పంచనామా సాక్షులుగా, షంషాద్, యంత్రం డ్రైవరు కూర్చున్నారు.

పడమట ఉరిమింది.

మునిరత్నం మడి చుట్టూ సుద్దపొడితో గీత గీశాడు. పార వాడితే గాయాలవుతాయని ఎస్తేరమ్మ అంది. గాయాలైతే అవి మరణానికి ముందువా తర్వాతవా అన్న ప్రశ్న వస్తుందని భక్తవత్సలం కూడా ఒప్పుకున్నాడు. అందుకని ఆమే చిన్న చేతి తాపీతో, జానెడు దూరం నుంచి మొదలుపెట్టి, మెల్లగా మట్టి వదులు చేసింది. కిందికి చెయ్యి పెట్టి, పసిబిడ్డను ఎత్తినట్టు దుంపను పైకి తీసింది. రెండు గుప్పిళ్ళంత ఉంది. గట్టిగా ఉంది. చుట్టూ లేత మొలకలు అయిదు గుచ్చుకున్నట్టు కనిపించాయి.

"చూడండి సార్. బతికే ఉంది," అంది.

భక్తవత్సలం స్టెతస్కోపు పెట్టి ఒక నిమిషం విన్నాడు. శ్వాస లేదు. గుండె చప్పుడు లేదు. ఒళ్ళు చల్లగా ఉంది. ఒక్కొక్కటే చెబుతుంటే మునిరత్నం రాసుకున్నాడు. ఆమె మూడోసారి బతికే ఉందంటే, షంషాద్ ఆమె మోచెయ్యి పట్టుకుని లాగి, చెవిలో ఏదో చెప్పింది. ఎస్తేరమ్మ నోరు మూసుకుంది. నిజం మూడుసార్లు చెప్పింది. రికార్డులో మూడుసార్లూ ఉంది.

తర్వాత కోత. ఎస్తేరమ్మ లోపలికి వెళ్ళి తన చాకును స్పిరిట్‌తో తుడిచి తెచ్చిచ్చింది. డాక్టరు మధ్యలో పెట్టబోయాడు.

"అక్కడ గాదు సార్. ఈ మొలకకు, ఆ మొలకకు నడిమధ్య. ముక్కకొక మొలక ఉండేటట్ల."

ఆపరేషన్ థియేటర్లో ముప్పై ఏళ్ళు డాక్టర్లకు కత్తులందించిన గొంతు అది. భక్తవత్సలం ఎదురు చెప్పలేదు. ఆమె చూపించినచోటల్లా కోశాడు. అయిదు ముక్కలయ్యాయి. కోసినచోట ఆమె వెంటనే బూడిద అద్దింది. ఏమిటని అడిగితే, మా ఇళ్ళల్లో అంతేనంది. మునిరత్నం ‘అంత్యక్రియల ఆచారం’ అని రాశాడు.

అప్పుడు మొదలైంది డాక్టరుకు. చేమదుంప తరిగిన ప్రతి ఇల్లాలికీ తెలిసిన దురద. ముందు వేళ్ళు, తర్వాత అరచేతులు, తర్వాత తెలియక ముట్టుకున్న మెడ. చింతపండు పులుసు రాస్తే తగ్గుతుందని షంషాద్ చెప్పింది కానీ, రిపోర్టు పూర్తయ్యేదాకా శవం దగ్గర ఏదీ రాయకూడదని మునిరత్నం నిబంధన చూపించాడు. భక్తవత్సలం గోక్కుంటూ మిగతా పద్నాలుగు గడుల్నీ ఒక నిమిషంలో నింపాడు. మరణ కారణం, సహజం. మరణించిన సమయం, ఏప్రిల్. సంతకం మాత్రం వంకరగా వచ్చింది.

ఒక ముక్క పరీక్షకు పంపాలి. అన్నిటికంటే పెద్దది తీసుకుని కవర్లో పెట్టి లక్క వేశారు. ఎస్తేరమ్మ ఆ కవరు వైపు చాలాసేపు చూసింది. మిగతా నాలుగు ముక్కలూ ‘భౌతికకాయం ముట్టినది’ అని రాయించుకుని ఆమె చేతిలో పెట్టారు.

యంత్రం గేటు దాటి లోపలికొచ్చింది. మొదటి చినుకు దాని ఇనుప పంజా మీద పడింది. అప్పటికి ఎస్తేరమ్మ కొంగులో నాలుగు దుంపలతో వరండా ఎక్కేసింది.

రెండు రోజులు గాయాలు ఆరబెట్టి, పన్నెండో తేదీన నీళ్ళ తొట్టి పక్కన, నీడలో, నాలుగు వేళ్ళ లోతున, మొలక పైకి ఉండేలా పెట్టింది. మునిరత్నం వచ్చి ఫొటో తీసుకున్నాడు. ఖననం జరిగిన స్థలం, ఉత్తరం. నాలుగు వైపులా సున్నం రాళ్ళు కూడా అతనే పెట్టించాడు. 417 ఎదురుగా మూడో గడి నొక్కాడు. మర్నాడు తొట్టి పక్కన ఏముందో చూడాల్సిన అవసరం ఊళ్ళో ఏ అధికారికీ లేకపోయింది. రిజిస్టరులో లేని మొక్కకు మెమో ఇవ్వలేరు. బదిలీ ఆపలేరు. సెలవు కూడా ఇవ్వలేరు.

వానలు పడ్డాయి. సెప్టెంబరులో నాలుగు మొలకలు చుట్ట చుట్టిన ఆకుపచ్చ కాగితాల్లా పైకి వచ్చాయి.

పరీక్షకు పంపాల్సిన ముక్కను ఏ పరీక్షాలయానికి పంపాలో ఎవరికీ తెలియక, అది కోదండపాణి బీరువాలోనే ఉండిపోయింది. అక్టోబరులో ఒకరోజు ఆయన ఫైలు కోసం బీరువా తీస్తే, లక్క పగలగొట్టుకుని ఒక మొలక బయటికొచ్చి ఉంది. ఆయన చుట్టూ చూశాడు. తలుపు దగ్గరగా వేశాడు. ఖాళీ హార్లిక్స్ సీసాలో మట్టి నింపి, దాన్ని కిటికీలో పెట్టాడు. ఏ రిజిస్టరులోనూ ఎక్కించలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన రాయకుండా వదిలేసిన మొదటి విషయం అది.

ఈస్టర్‌కు ఎనిమిది రోజులుందనగా కమిషనర్ పరాంకుశం భార్య ఎస్తేరమ్మ ఇంటి ముందు నుంచి కారులో వెళ్ళింది. కారు వెనక్కి వచ్చింది. ఆగింది. మళ్ళీ వెళ్ళిపోయింది.

గంటలో మునిరత్నం ప్రత్యక్షమయ్యాడు. నాలుగు గుబుర్లు, తొమ్మిది తెల్ల పూలు. అతను వాటిని చూడకుండా గోడ వైపు చూస్తూ మాట్లాడాడు.

"సారు బంగళాకు కావాలంట మా. నాలుగూ. ఈ పొద్దే తవ్వుకొని రమ్మన్నారు."

పూత మీద ఉన్న మొక్కను కదిపితే చచ్చిపోతుందని ఎస్తేరమ్మ చెప్పింది. ఎండలు ముదిరి ఆకులు వాలాక రమ్మంది, అప్పుడు పిలక ఇస్తానంది. సారు ఇప్పుడే అంటున్నాడని మునిరత్నం అన్నాడు. అతని వెనక ఇద్దరు మనుషులు పలుగులతో నిలబడి ఉన్నారు. గోడ మీదుగా షంషాద్ తల కనిపించింది.

ఎస్తేరమ్మ లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులోంచి కాగితాలు వరసగా తీసింది. పోస్టుమార్టం రిపోర్టు. మరణ ధ్రువపత్రం. ఖనన స్థలం ఫొటో. అన్నిటికీ కింద పరాంకుశం సంతకం.

"ఇది ఎవురి సమాధి నాయనా?"

మునిరత్నం సున్నం రాళ్ళ వైపు చూశాడు. తానే పెట్టించిన రాళ్ళు. "417 ది మా."

"పూడ్చిన శవాన్ని ఊరికే తవ్వేదానికి లేదు గదా. మా ఆసుపత్రిలో రెండుసార్లు చూసినా. తాసిల్దారు ఆర్డరుండాల. ఆయన ఎదురుగా తవ్వాల. పో, తెచ్చుకో. నేనేమీ అడ్డం రాను."

పలుగుల మనుషులిద్దరూ సున్నం రాళ్ళ నుంచి రెండడుగులు వెనక్కి జరిగారు. ఒకడు చెప్పులు కూడా విడిచాడు.

దరఖాస్తు ఆ సాయంత్రమే తహశీల్దారు ఆఫీసుకు చేరింది. మధ్యలో సెలవులొచ్చాయి. విచారణ ఈస్టర్ మర్నాటి సోమవారానికి పడింది. తహశీల్దారు కొత్తగా వచ్చిన మనిషి. శవాన్ని వెలికితీయడానికి అనుమతి అన్న శీర్షిక చూసి గంభీరంగా కూర్చున్నాడు. ఎప్పుడు పూడ్చారో అడిగాడు. కిందటి జూన్లో అని మునిరత్నం చెప్పాడు. హత్యానుమానం ఉందా అని అడిగాడు. లేదన్నాడు. మరి ఎందుకు తీయాలి అంటే, కమిషనర్ గారి శ్రీమతి ముచ్చటపడ్డారన్నాడు.

తహశీల్దారు మనసులో లెక్కేసుకున్నాడు. పది నెలల శవం. వానలు కూడా పడ్డాయి. ముక్కుకు రుమాలు ఇప్పుడే అడ్డం పెట్టుకున్నంత పనిచేసి అడిగాడు.

"ప్రస్తుతం శవం ఏ స్థితిలో ఉంది?"

మునిరత్నం చేతులు కట్టుకున్నాడు.

"తొమ్మిది పూలు చర్చికి పొయినాయి సార్," అన్నాడు. "ఇంకా రెండు మొగ్గల మీదుండాది."